మా జర్నల్ చదివేదెవరు?

టీచర్ల శిక్షణకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్ల కోర్సయింది. అందులో 20 వారాలు బడిలోనే పని, అదే ఇంటర్న్‌షిప్. పాఠం చెప్పి వచ్చాక ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, రేపు ఏం మార్చాలి అని రాసుకునే రిఫ్లెక్టివ్ జర్నల్ దానికి ప్రాణం. మా కాలేజీ దాన్ని ఆన్‌లైన్ చేసింది. కాలేజీలో మా పని చూసే మేడమ్ ఆ రాత్రే చూసి ఒక మాట చెప్తే మర్నాటి క్లాసుకి పనికొస్తుందని సంబరపడ్డాం.

ఏడో తరగతిలో ఒక పాప 1/2, 1/3 కలిపి 2/5 అని రాసింది. పైవి పైకి, కిందివి కిందికి కూడేసింది. 2/5 అంటే సగం కంటే తక్కువ, మరి కలిపితే తగ్గుతుందా అని అడగాలని బస్సులో వస్తుంటే తట్టింది. అలా అడగనా, కాగితం మడిచి చూపించనా అని జర్నల్లో రాశాను. ఇంటర్న్‌షిప్ ముగిశాక జవాబొచ్చింది: "గుడ్".

పదాలు 300కి తగ్గితే మాత్రం సబ్మిట్ బటన్ పనిచేయదు! అర్ధరాత్రి దాటితే మార్కులు కోత. అందుకే పాత బ్యాచ్ రాతలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, వాటికీ అదే "గుడ్". కాపీ కొట్టేవాళ్లని ఏమనగలం? పైగా ఇంటర్నల్ మార్కులు వేసేవాళ్లే చూసేచోట, క్లాసు చేయిదాటిపోయి ఏడుపొచ్చిందని ఎవరు రాస్తారు?

రోజూ చదవక్కర్లేదండీ. వారానికి ఒక్కటి చదవండి, తిరిగి ఒక్క ప్రశ్న అడగండి. దానికి మార్కులు వేయకండి.