పుచ్చు పురుగుకు జరిగిన కుటుంబ అన్యాయం

నారాయణపేట, కొడంగల్ వైపు కంది రైతుల ఇళ్ళలో గుమ్మి మూత తీయగానే కనిపించే పుచ్చు పురుగుకు శాస్త్రలోకం చేసిన అన్యాయం మీద మన జిల్లాల్లో ఇంతవరకు ఒక్క తీర్మానమైనా జరగకపోవడం మిక్కిలి విచారకరం. జీవుల వర్గీకరణలో ఒకప్పుడు దానికి బ్రూకిడే అనే సొంత కుటుంబం ఉండేది. ఆకులు తినే పెంకు పురుగుల కుటుంబమైన క్రైసోమెలిడేలో ఇప్పుడు దానిని ఒక ఉపకుటుంబంగా కలిపేశారు. నోటీసు లేదు, విచారణ లేదు, అభ్యంతరాలకు గడువు లేదు. శరీర నిర్మాణం చూసి ఇది ఆ ఇంటి పిల్లేనని కొందరు పాత పండితులు ముందే అన్నారు గాని, ఒక పండితుడి మాటను మరో పండితుడు కాదనే వెసులుబాటు అప్పట్లో ఉండేది. డీఎన్ఏ సాక్ష్యానికి వచ్చాక అదీ పోయింది.

దీని పర్యవసానాలు చిన్నవి కావు. దోస తీగల ఆకులకు చిల్లులు పొడిచే ఎర్ర పెంకు పురుగు కూడా క్రైసోమెలిడే ఇంటిదే. రేపు నల్గొండ పక్క దోసతోటలో మందు కొట్టి దానిని చంపితే, మహబూబ్‌నగర్‌లో కందుల మధ్య కాపురముంటున్న పుచ్చు పురుగు పాలివాళ్ళ లెక్కన ఎన్ని రోజులు మైల పట్టాలో ఏ శాస్త్రవేత్తా తేల్చలేదు.

బెరడు పురుగుల గతి మరీ ఘోరం. స్కోలిటిడే అనే కుటుంబ మర్యాదతో చెట్ల బెరడు కింద సొరంగాలు తొలుచుకుని బతుకుతున్న వాటిని ముక్కు పురుగుల కుటుంబంలో చేర్చారు. పొడుగు ముక్కే లేనివాడికి ముక్కువాళ్ళ ఇంటిపేరు తగిలించడం ఏ కులపంచాయితీ కూడా వేయని శిక్ష.

ఇంత పెద్ద తీర్పులకు ఆధారమేమిటంటే, ఎండిన పురుగు కాలు ఒక్కటి చాలట. దాని నుంచి డీఎన్ఏ తీసి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని జన్యువు ఒకదానిలో 658 అక్షరాలు చదివి జాతిని పోల్చుకుంటారు. ఈ జన్యువుకు పనిచేయని నకలు ఒక్కోసారి కణ కేంద్రకంలో దాక్కుని ఉంటుంది. దానిని అసలుగా నమ్మితే లేని జాతులు లెక్కకెక్కుతాయి. నకిలీ పట్టాల విషయంలో మన జిల్లాలకున్న అనుభవాన్ని వారు వినియోగించుకోకపోవడం వారి దురదృష్టం. దూరపు చుట్టరికాలకు ఆ 658 చాలవు కాబట్టి, 2007లో సుమారు 1,880 పెంకు పురుగు జాతులను మూడు జన్యువులతోనూ, 2019లో 146 జాతులను 4,818 జన్యువులతోనూ పోల్చారు. ఇక్కడ మా తాత పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే, దానిని పాసుపుస్తకంలో దిద్దించడానికి ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఇద్దరు సాక్షులు కూడా చాలలేదు. తాతకు రెండు కాళ్ళూ ఉన్నాయి, ఒకటి ఇస్తానన్నా పుచ్చుకునే అధికారి కనబడడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు అప్పుల దగ్గర ఉంది. మొక్కల కణాల గోడలను అరిగించే ఎంజైముల కోసం పెంకు పురుగులు ఏనాడో బాక్టీరియా నుంచి, శిలీంధ్రాల నుంచి జన్యువులు పుచ్చుకున్నాయని ఆ 2019 అధ్యయనమే బయటపెట్టింది. ప్రామిసరీ నోటు రాయలేదు, వడ్డీ కట్టలేదు, పైగా ఆ పెట్టుబడితోనే ఇన్ని జాతులుగా విస్తరించాయి. ఇప్పుడు ఏ బూజో వచ్చి వారసత్వపు వాటా అడిగితే, మా కందిగింజకు పడిన రంధ్రం ఎవరి పేరున ఎక్కించాలో రెవెన్యూ శాఖవారే సెలవివ్వాలి.