బండికి రంగు చివర్లో వేయండి బాబూ

ఈ పోస్ట్ కొందరికి నచ్చదని ముందే తెలుసు. పాత బండి బాగు చేయించుకుని, ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డుకు తెచ్చి, వెనకాల బుద్ధుడు పడేలా ఫోటో దిగి "ఫుల్ రిస్టోరేషన్ కంప్లీట్" అని పెట్టేవాళ్లు నా ఫ్రెండ్స్ లిస్టులోనే బోలెడుమంది. బండ్లు నిజంగానే కళకళలాడుతుంటాయి. క్రోమ్‌లో మన మొహం కనిపిస్తుంది. కాకపోతే వాటిలో కొన్ని వచ్చేది ట్రాలీ ఆటోలో, వెళ్లేదీ ట్రాలీ ఆటోలోనే. నా కడుపుమంటంతా దాని గురించే.

ఊళ్లో పాత బండి బాగు చేయడమంటే ఇప్పుడొక ప్యాకేజీ అయిపోయింది. బండి అప్పగించేయండి, అడ్వాన్స్ కట్టేయండి, కొన్ని నెలలకు "షోరూమ్ కండిషన్"లో తీసుకెళ్లండి. మొత్తం విప్పేస్తారు. ఫ్రేముకి సాండ్ బ్లాస్టింగ్ (ఇసుక కొట్టి పాత రంగు, తుప్పు రాల్చడం) చేసి, పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చి అతికించడం) వేస్తారు. తుప్పు కనిపించిన ప్రతి ముక్కా కబాడీకి పోతుంది, దాని చోట లోకల్ మాల్ వచ్చి కూర్చుంటుంది. ట్యాంకుకి అడగకపోయినా రంగు రెండు పూతలు ఎక్కువే కొడతారు. ఇంజిన్ సంగతేంటని అడిగితే "స్టార్ట్ అవుతోంది కదా మేడమ్" అంటారు. స్టార్ట్ అవడానికీ, ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ దాకా వెళ్లి తిరిగి రావడానికీ చాలా తేడా ఉంది సార్.

మాది 1979 యెజ్డీ 250. నాన్న కొన్న బండి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో జావా పేరుతో తయారుచేయడం మొదలుపెట్టి, 1970ల్లో యెజ్డీ అని పేరు మార్చి అమ్మిన రకం. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. కాబట్టి ఈ రోజు ఎవరైనా మీ చేతిలో "కంపెనీ పార్ట్" అని పెట్టారంటే, అది అన్నేళ్లుగా ఎవరి అటక మీదో ఉండిపోయిన సరుకైనా అయి ఉండాలి, అబద్ధమైనా అయి ఉండాలి. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. కానీ అవి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ బండ్లు, మనది టూ స్ట్రోక్, వాటి సామాను మనకు పనికిరాదు. నాకు కనిపించినంతవరకూ వాటి వల్ల మనకు ఒరిగింది ఒక్కటే, షెడ్డులో పడున్న పాత యెజ్డీకి కూడా ఓనర్లు రేటు పెంచేశారు.

ఈ బండి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఏళ్ల తరబడి ముక్కలుగా ఉంది. "ఇంకా అవలేదా?" అని అడగని మనిషి లేడు. అసోసియేషన్ సెక్రటరీగారైతే ప్రతి మీటింగ్‌లో "మేడమ్, ఆ స్క్రాప్..." అని మొదలుపెడతారు. మా ఆయన మాత్రం ఏమీ అనరు. అలమారాలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చారు, అంతకంటే ఏం కావాలి. ఆలస్యం ఎందుకంటే, ఇంజిన్, బ్రేకులు, వైరింగ్ అయ్యేదాకా రంగు డబ్బా మూత తీసేది లేదని నేను పట్టుబట్టాను. ఇందులో చాదస్తం ఏమీ లేదు. దీని వెనక లెక్క ఉంది.

టూ స్ట్రోక్ ఇంజిన్ సంగతే చూడండి. కార్బరేటర్ నుంచి వచ్చే పెట్రోలు, గాలి నేరుగా పైకి వెళ్లవు. ముందు కింద క్రాంక్ కేసులోకి (పిస్టన్‌తో పాటు తిరిగే క్రాంకు ఉండే గదిలోకి) చేరి, పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆ ఒత్తిడికి పైకెక్కుతాయి. అందుకే క్రాంక్ కేసులోకి బయటి గాలి చొరబడకూడదు. ఆ కాపలా కాసేవి క్రాంకుకి రెండు పక్కలా ఉండే చిన్న రబ్బరు ఆయిల్ సీళ్లు. బండి ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే ఆ రబ్బరు ఎండిపోతుంది. మా బండి సీలు చేతిలోకి తీసుకుని గోరుతో అంచు నొక్కాను, అప్పడం ముక్కలా విరిగిపోయింది. గేరు బాక్సు వైపు సీలు పోతే ఇంజిన్ గేర్ ఆయిల్ పీల్చుకుని వీధంతా తెల్ల పొగ పెడుతుంది. అది ఫర్వాలేదు, కంటికి కనిపిస్తుంది. రెండో వైపుది పోతే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, ఇంజిన్ లోలోపల వేడెక్కి ఎక్కడో హైవే మీద పిస్టన్ పట్టేస్తుంది, అంటే కదలకుండా బిగుసుకుపోతుంది. వెనక చక్రం లాక్ అవుతుంది. మీ వెనకాల లారీ ఉంటే ఇక ఆ రంగు ఏ షేడైతే ఏంటి?

ఆ సీలు వందల్లో దొరికే వస్తువు. కానీ దాని దాకా వెళ్లాలంటే చాలా విప్పాలి. పైగా ఫోటోలో కనపడదు. ప్యాకేజీవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడంలో వింతేముంది.

బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి రంధ్రం, దాని కథా అంతే. మా బండి పిస్టన్ సిలిండర్లో పట్టేసి ఉండేది. అలాంటప్పుడు కిక్ రాడ్ మీద ఎక్కి గెంతకండి, దయచేసి. ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి కాస్త డీజిల్ పోసి వదిలేయాలి, మళ్లీ పోయాలి, మళ్లీ వదిలేయాలి. దానంతట అది వదులుతుంది. తర్వాత రాణిగంజ్ వైపు లేతు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి సిలిండర్ తీసుకెళ్లాను. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. ఆయన సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కులా కొలిచారు. ఈ ఇంజిన్ అసలు బోరు 65 మిల్లీమీటర్లు. అరిగేకొద్దీ 0.25 మిల్లీమీటర్ల చొప్పున దాన్ని పెద్దది చేయించి (దీన్నే బోరు కొట్టడం అంటారు), పెద్ద పిస్టన్లు వేసుకుంటూ పోవాలి. "బోరు ఇప్పుడే కొట్టేయండి చాచా, పిస్టన్ రేపు తెస్తా" అన్నాను. ఆయన సిలిండర్‌ని మళ్లీ నా సంచిలో పెట్టి చేతికిచ్చారు. "పిస్టన్ తెచ్చినాక రా బేటీ. డబ్బా మీద నంబర్ చూసి బోర్ కొట్టేటోడు వేరే ఉంటడు. నేను పిస్టన్ కొలిచి కొడ్త." రెండు పిస్టన్ల డబ్బాల మీద ఒకటే సైజు అచ్చేసి ఉన్నా, మైక్రోమీటర్‌తో కొలిస్తే రెండూ ఒక్కటి కావు. ఆ వెంట్రుకవాసి సందే బండి పట్టేస్తుందా, పరిగెడుతుందా అన్నది తేల్చేది. ఈయనకి ఇన్‌స్టా పేజీ లేదు, రీల్స్ లేవు, బయట బోర్డు మీద అక్షరాలు కూడా సగం చెరిగిపోయాయి.

ఇక పౌడర్ కోటింగ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఫ్రేము మీద ఛాసిస్ నంబరు గుద్ది ఉంటుంది. ఆర్టీఏ ఆఫీసులో పని పడితే ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. మందంగా పౌడర్ కోటింగ్ వేశారంటే ఆ అంకెలు పూడుకుపోతాయి. సాండ్ బ్లాస్టింగ్ మోటుగా కొట్టారంటే అరిగిపోతాయి. అప్పుడు మీ బండి ఎంత అందంగా ఉన్నా, అది మీదేనని రుజువు చేసుకునే పని మీ మెడకు చుట్టుకుంటుంది. నంబరు మీద టేపు వేసి కోటింగ్ చేయమని చెప్పడానికి అర నిమిషం పడుతుంది, ఎంతమంది చెబుతున్నారు? ఇంజిన్ కేసులకు ఇసుక కొట్టించేవాళ్లనైతే ఏమనాలో తెలియదు. ఎంత కడిగినా ఎక్కడో ఒక మూల ఆ రేణువు ఉండిపోతుంది, తర్వాత నేరుగా బేరింగ్‌లోకి చేరుతుంది.

పైగా చట్టం కూడా నా వైపే ఉంది, కాస్త చదివి చూడండి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలాంటి వాటికి నంబరులో "వీఏ" అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. 1970 మోడల్ జావాకి డిస్క్ బ్రేకు, అల్లాయ్ చక్రాలు పెట్టించి "వింటేజ్" అని స్టిక్కర్ అంటించుకున్న అన్నలు ఆ "అసలు రూపం" వాక్యం ఇంకోసారి చదువుకోవాలి. మా బండికి ఇంకా 50 రాలేదు, కాబట్టి మామూలు రెన్యూవలే. అయిదేళ్లకోసారి. 20 ఏళ్లు దాటిన టూవీలర్‌కి ఆ ఫీజు కూడా 2025 ఆగస్టులో 2,000 చేశారు. సరే, అది వేరే ఏడుపు.

నేనేమీ మడి కట్టుకుని కూర్చోలేదు. మా బండిది 6 వోల్టుల డైనమో. సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైటు నిద్రమొహం వేస్తుంది. ఎవరైనా 12 వోల్టులకు మార్చుకుంటే నేను తప్పు పట్టను, రాత్రిపూట మన రోడ్ల మీద గుంత కనపడాలి కదా. కాకపోతే తీసిన డైనమోని పాత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకోండి. మళ్లీ వెనక్కి మార్చుకోవడానికి వీలున్న మార్పు వేరు. ఫ్రేము కోసి, వెల్డింగ్ పెట్టి, పాత ముక్కని కిలోల లెక్కన అమ్మేసుకోవడం వేరు.

ఇప్పుడు పెట్రోలు కూడా మారిపోయింది. బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. 1979లో ఈ బండి రబ్బరు గొట్టాలు, వాషర్లు చేసినవాళ్ల ఊహలో కూడా అది లేదు. ఇథనాల్‌కి గాలిలో తేమని లాక్కునే గుణం ఉంది. మన ఊళ్లో వానాకాలం మొత్తం బండి కదల్చకపోతే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున విడిగా పేరుకోవచ్చు. టూ స్ట్రోక్ కాబట్టి మనం పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకుంటాం, లీటరుకి 40 మిల్లీలీటర్లు. అడుగున ఉన్న ఆ పొరే ముందు కార్బరేటర్లోకి వెళితే ఇంజిన్‌కి అందాల్సిన ఆయిల్ అందదు. పైగా ఈ పెట్రోలుతో పాత జెట్ (కార్బరేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) అలాగే ఉంచితే మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది. అందుకని బండిని నిలబెట్టే ముందు ట్యాంకు కింద ఉండే పెట్రోలు కాక్ మూసి, కార్బరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ తిప్పి ఆపండి. పెట్రోలు పైపు ఇథనాల్ తట్టుకునే రకం వేయండి. ఇవి చెప్పే రీల్ నాకు ఇంతవరకూ కనపడలేదు. ట్యాంకు మీద గోల్డ్ లైన్ వేసే రీల్స్ మాత్రం కోకొల్లలు.

సామాను వేట గురించి రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది. పుత్లీబౌలి, జాంబాగ్ షాపులు, ఎర్రగడ్డ ఆదివారం సంత, ఇవే దిక్కు. ఆడమనిషి వెళ్లి క్లచ్ ప్లేట్ల కొలత చెబితే "సార్‌ని ఫోన్‌లో కలపండి మేడమ్" అన్న షాపు ఒకటుంది. సార్‌కి ఆ బండి పెట్రోలు మూత ఎక్కడుంటుందో కూడా తెలియదు బాబూ అని చెప్పి వచ్చేశాను. ఈ తిరుగుడులో తెలిసిందేంటంటే, పాతది అరిగినా దాని లోహం మంచిది. గేరు మార్చే లివరే కిక్ రాడ్డుగా కూడా పనికొస్తుంది ఈ బండికి. డూప్లికేట్ లివర్ కొత్తగా, తళతళలాడుతూ దొరుకుతుంది, కానీ కొన్నాళ్లకే లోపలి పళ్లు అరిగి జారడం మొదలవుతుంది. పాతదానికే లేతులో పని చేయిస్తే కాస్త మచ్చలతో ఉంటుంది గానీ నిలుస్తుంది.

సైలెన్సర్లూ అంతే. కొత్తవి కొనేయండి అన్నారందరూ. ఉన్న ఒక్క సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు ఈ బండికి. లోపలి గొట్టాలు బయటికి లాగితే చెయ్యంతా నల్లటి జిడ్డు మసి, రంధ్రాలన్నీ పూడుకుపోయి ఉన్నాయి. గ్లవ్స్ వేసుకుని, కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, తీగ బ్రష్‌తో తోమితే లోపలి ఇనుము బయటపడింది. అన్నట్టు, అల్యూమినియం ముక్కలు మాత్రం కాస్టిక్ సోడాలో వేయకండి, అదే తినేస్తుంది.

ఒక పక్క మాట. అందరూ జావా, బుల్లెట్, ఆర్ఎక్స్ 100 వెంటే పడతారు. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ పేరుతో పుష్పక్ స్కూటర్ వచ్చేది, గుర్తుందా? మన ఊరి పేరున్న స్కూటర్‌ని బాగు చేసుకున్నానని ఒక్కరైనా పోస్ట్ పెట్టగా చూశానా అంటే, లేదు. ఎవరైనా ఉంటే చెప్పండి, పెట్రోలు ఖర్చు నాది, చూడ్డానికి వస్తాను.

మొన్న నాన్నని ఒక పాత బండ్ల మీట్‌కి తీసుకెళ్లాను. ఎర్రటి మెటాలిక్ రంగులో ఒక యెజ్డీ, ప్రతి బోల్టుకీ క్రోమ్. నాన్న చుట్టూ ఒకసారి తిరిగి, ఓనర్ కుర్రాడిని అడిగారు, "నేను షోరూమ్‌లో కొన్నప్పుడు కూడా ఇలా లేదే బాబూ, ఏం చేశావు దీన్ని?" ఆ అబ్బాయి దాన్ని పొగడ్త అనుకుని థ్యాంక్స్ అంకుల్ అన్నాడు. నాన్న నా వైపు చూశారు. నేను పక్కనున్న ఆర్‌డీ 350 చూడ్డం మొదలుపెట్టాను.

మా బండి ప్రస్తుత పరిస్థితి: ఇంజిన్ బోరు అయింది, సీళ్లు కొత్తవి, బ్రేకు షూలకు కొత్త లైనింగ్ కొట్టించాను, వైరింగ్ సగంలో ఉంది. రంగు వానలు పోయాకే. తేమలో కొడితే పెయింటు తెల్లగా పాలిపోతుంది, సెక్రటరీగారు ఆగాలి. ఎడమ పక్క టూల్ బాక్సు మూత ఒక్కటి దొరకడం లేదు. ఎవరి దగ్గరైనా అసలుది ఉంటే మెసేజ్ పెట్టండి. సొట్ట ఉన్నా, తుప్పు పట్టినా, తాళం పనిచేయకపోయినా పర్లేదు. కొత్తది, పెయింట్ వేసి రెడీగా ఉన్నది ఉందని మాత్రం ఎవరూ ఫోన్ చేయొద్దు.