నిచ్చెన లేని మంచె

మక్క కంకి పాలు పోసుకుంటోందని అడవిపందులకు ఎవరు కబురు చేస్తారో గానీ, ములుగు వైపు మా రెండెకరాల చేనులో ఒక్క రాత్రికే నాలుగు సాళ్లు నేలమట్టం చేశాయి. తినేది గుప్పెడు, తొక్కేది గంపెడు. పోనీ వేటాడదామంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు. కరెంటు తీగ పెడితే పంది కంటే ముందు మనిషి పోతాడు. ఇక మిగిలింది మంచె కట్టుకుని కాపలా కాయడమే.

"ఇద్దరు కూలీలను పిలుస్త, ఒక్క పూటల కడ్తరు" అన్నాడు బాపు. నేనే కడతానన్నాను. హైదరాబాదులో నా కంప్యూటర్ టేబుల్ నేనే బిగించుకున్నాను మరి. రెండు మరలు మిగిలాయి గానీ, గోడకు ఆనిస్తే ఇప్పటికీ నిలబడుతుంది.

నాలుగు జామాయిల్ గుంజలు తెచ్చాను. "మోకాలు దాటి తవ్వాలె" అన్నాడు బాపు. అడుగు లోతుకే గునపం ఠంగుమంది. భూమ్మీద ఎంత పొడుగుందన్నది ముఖ్యం గానీ లోపల ఎంతుందో ఎవరు చూడొచ్చారని ఆపేశాను. పాతాక చూస్తే నాలుగు గుంజలూ అలిగిన పెళ్లిపెద్దల్లా తలో దిక్కు చూస్తున్నాయి. వెదురు బొంగులు అడ్డంగా పరిచి నైలాన్ తాడుతో కట్టాను. బాపు దగ్గరకొచ్చి ముడి పట్టుకుని చూశాడు.

"గిది మంచెనా, బూటు లేసా కొడుకా?"

పైన నీలం టార్పాలిన్ కప్పేసరికి మాత్రం ముచ్చటగానే కనబడింది. పక్క చేను కాక దగ్గర సున్నాలేసే నిచ్చెన అడిగి తెచ్చి, పొద్దుగూకేసరికి ఎక్కేశాను. టార్చి, ఫ్లాస్కు నిండా చాయ్, చెవుల్లో పాటలు.

పదకొండింటికి తాగిన చాయ్ తన పని తాను చేసింది. దిగుదామని కాలు చాపితే గాలి తగిలింది. నిచ్చెన లేదు! పాటల్లో ఉన్న నాకు వినబడలేదు గానీ, పైన ఎవరూ లేరనుకుని కాక దాన్ని పట్టుకుపోయాడట.

రెండు దాటాక గుర్రుగుర్రుమంటూ వచ్చాయి, తల్లీ పిల్లలూ. వాటిని బెదరగొట్టడానికి తెచ్చిన రేకు డబ్బా కింద గుంజ పక్కనే భద్రంగా ఉంది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. అందులో పెద్దది తీరిగ్గా మూల గుంజ దగ్గరకొచ్చి, వీపు ఆనించి గోక్కోవడం మొదలెట్టింది.

అడుగు లోతు గుంజ ఎంతసేపు ఆగుతుంది? మంచె మెల్లగా, మర్యాదగా వంగి దణ్ణం పెట్టింది. టార్పాలిన్‌లో చుట్టుకుని మక్క చేను మీద దొర్లాను. నీలం మూట ఒకటి కేకలు పెడుతూ వచ్చి పడేసరికి పందులు అడవిదాకా ఆగలేదు.

తెల్లారి బాపు చేనంతా తిరిగి లెక్క తేల్చాడు. "మొన్న పందులు నాలుగు సాళ్లు పండవెట్టినయ్. నువ్వు ఆరు."

ఇప్పుడు చేను చుట్టూ అమ్మ పాత చీరలు కట్టాం. రెపరెపలకూ మనిషి వాసనకూ పందులు జంకుతాయని మా వైపు నమ్మకం. చీరలు మోసింది నేనే. ముడి మాత్రం ఒక్కటి కూడా నన్ను వేయనివ్వలేదు.