అడ్డగాలి అడిగితే ఎదురుగాలి చెప్పేవారికి

మహారాజశ్రీ లేజర్ గాలిమాపకం గారికి నమస్కరించి రాయునది.

ఉభయ కుశలోపరి. ఇక్కడ నేను, నా రైఫిలు, నా స్కోపు క్షేమం. నిన్న మధ్యాహ్నం వెయ్యి గజాల అవతల నా పద్నాలుగో తూటా కోసం ఎదురుచూసిన బోర్డు మరీ క్షేమం. దాని మీద కొత్తగా ఈగ వాలిన గుర్తయినా లేదు. ఆ సంగతి మీతోనే తేల్చుకుందామని కూర్చున్నాను.

పదిహేను తూటాల వరస. దూరం ఒక్కటి మిమ్మల్ని అడిగి, మొదటి పదమూడూ గాలి సంగతి అడక్కుండానే కాల్చాను. అన్నీ కాగితం మీదే పడ్డాయి, సగం నల్లటి వలయంలోనే. పద్నాలుగోదానికి బుద్ధి గడ్డి తింది. ఇంత పోసి కొన్నాం కదా, పెద్దవారు పక్కనే తిపాయి మీద కొలువై ఉన్నారు కదా, ఒక్కమాట అడిగితే పోలా అనుకున్నాను. మీరు తడుముకోకుండా సెలవిచ్చారు: ఎదురుగాలి సెకనుకు 4.3 మీటర్లు, అడ్డగాలి 0.1. అంటే అడ్డగాలి లేనట్టే. తమరి మాట మీద గౌరవంతో గాలి కోసం స్కోపు మీద పక్కకి తిప్పి పెట్టుకున్న క్లిక్కులన్నీ తీసేశాను. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను.

తూటా తగిలితే, బోర్డు కింద గుంతలో ఉన్నవాళ్ళు దాన్ని దింపి గుర్తు పెట్టి ఎత్తుతారు. బోర్డు కిందికి దిగలేదు. కాసేపు చూసి, వాళ్ళని రేడియోలో వెతకమన్నాను. దింపారు, వెతికారు, మళ్ళీ ఎత్తారు. తర్వాత చాలా మర్యాదగా అడిగారు: "అసలు కాల్చారా అండీ?"

ఆ "అండీ" ఇంకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

మీ గొప్పతనం ఎరగనివాణ్ణి కాను. మీ కిరణం కంటికి కనబడని 1.55 మైక్రాన్ల తరంగం. గాల్లో తేలే దుమ్ముకీ పుప్పొడికీ తేమకీ తగిలి అందులో రవ్వంత మీ దగ్గరికి తిరిగొస్తుంది. ఆ రవ్వంతలో ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి గాలి వేగం చెప్తారు. డాప్లర్ పద్ధతి అంటారే, అదే. సెకనుకు ఒక మీటరు గాలికి వచ్చే మార్పు సుమారు 1.3 మెగాహెర్ట్జ్. అసలు కాంతి ఫ్రీక్వెన్సీ 19 కోట్ల మెగాహెర్ట్జ్ పైమాటే. అంత పెద్ద రాశిలో ఇంత చిన్న తేడాని ఏరి పట్టుకోగల బుర్ర మీది. అలాంటి బుర్ర పెట్టుకుని, నేనొకటి అడిగితే మీరింకోటి చెప్తారేమండీ?

నాకు కావలసింది అడ్డగాలి. ఎదురుగాలి తూటాని కాస్త కిందికి దించుతుంది, దానితో నాకు పేచీ లేదు. అడ్డగాలితోనే మా బతుకంతా. తూటా గమ్యం చేరడానికి, గాలే లేని శూన్యంలో పట్టే సమయం కంటే ఎంత ఆలస్యం చేసిందో లెక్కగట్టి, దాన్ని అడ్డగాలి వేగంతో గుణిస్తే, పక్కకి ఎంత కొట్టుకుపోతుందో వచ్చేస్తుంది. డిడియన్ అనే ఫ్రెంచి ఆయన 19వ శతాబ్దంలోనే తేల్చేసిన లెక్క ఇది. నా 308 రకం తూటాకి వెయ్యి గజాల దగ్గర ఆ ఆలస్యం అర సెకను. అడ్డగాలిని ఒక్క మీటరు తప్పు చదివితే తూటా అర మీటరు పక్కకి. బోర్డు ఆరడుగుల చదరం, మధ్య నుంచి అంచుకి మూడే అడుగులు. ఆపైన మట్టికట్టే.

మరి డాప్లర్ పద్ధతికి తెలిసేదేమిటి? మీ వైపు వచ్చేదీ, మీ నుంచి పోయేదీ. కిరణానికి అడ్డంగా పోయేదాన్ని మీరు చూడరు. ఊరంతా మీ ముందు అడ్డంగా పరిగెడుతున్నా, మీ వైపు రానివాడు మీ లెక్కలో కదలనివాడే.

నిన్న వీచిందేమో మేం ఫిష్‌టెయిల్ అనే గాలి. చేప తోక ఆడించినట్టే ఉంటుంది. గడియారం లెక్కన, బోర్డు ఉన్న పన్నెండు గంటల దిక్కు నుంచి ఎదురుగా వస్తూ, ఓసారి పదకొండు వైపుకి, ఓసారి ఒంటిగంట వైపుకి జరుగుతుంది. వేగం సెకనుకు 5 మీటర్లు అనుకోండి. పదకొండు నుంచి వచ్చినా, ఒంటిగంట నుంచి వచ్చినా మీకు కనబడే ఎదురుగాలి అదే 4.3. మీకు మహా ప్రశాంతం. అడ్డగాలి మాత్రం ఓసారి కుడికి 2.5, ఓసారి ఎడమకి 2.5. తూటా ఓసారి మీటరుంబావు కుడికి, ఓసారి మీటరుంబావు ఎడమకి. ఈ రెంటినీ ఎలాగో పట్టుకుని (ఎలాగో తర్వాత చెప్తాను), కొన్ని సెకన్లపాటు కూడి, సగటు తీసి, దశాంశం కూడా వదలకుండా "0.1" అని రాసి చూపించారు. లెక్క తప్పని ఎవరంటారు? కుడి 2.5, ఎడమ 2.5, సగటు సున్నాయే. కానీ నా తూటా సగటు గాలిలో ఎగరదు కదయ్యా! అది ఎగిరే సెకనున్నరలో ఏ గాలి ఉంటే ఆ గాలికే కొట్టుకుపోతుంది.

మీ వంశమేం తక్కువదా? హాంకాంగ్ విమానాశ్రయంలో మీ బంధువొకరు 2002 నుంచి రన్‌వేల దగ్గర గాలి తేడాలు పసిగట్టే పనిలో ఉన్నారు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2018లో ఈయోలస్ అనే ఉపగ్రహం ఎక్కించి మీ పెద్దన్నగారిని 320 కిలోమీటర్ల ఎత్తుకి పంపింది. 2023 దాకా భూగోళమంతా తిరిగి గాలి కొలిచి, ఆఖరికి వాతావరణంలోనే కాలిపోయాడు మహానుభావుడు. నిట్టనిలువుగా కిందికి చూస్తే నేలకి సమాంతరంగా పోయే గాలి కనబడదని ఆయనకి తెలుసు. అందుకే 35 డిగ్రీలు పక్కకి ఒరిగి చూసేవాడు.

నువ్వూ ఒరుగుతావట. మాన్యువల్లో చిన్న అక్షరాల్లో ఉంది, నిన్న రాత్రి భూతద్దం పెట్టి చదివాను. ఎడమకి 5 డిగ్రీలు, కుడికి 5 డిగ్రీలు ఒరిగి రెండు కిరణాలు పంపి, ఆ రెంటికీ మధ్య తేడా నుంచి అడ్డగాలి పిండుతావట. 5 డిగ్రీలంటే 500 మీటర్ల దూరానికి ఒక కిరణం ఎడమకి 44 మీటర్లు, ఇంకోటి కుడికి 44 మీటర్లు జరిగిపోయి ఉంటాయి. ఎడమదేమో చెట్ల మీదుగా, కుడిదేమో బోడి నేల మీదుగా. నా తూటా వెళ్ళేది ఆ రెంటి మధ్యన, నువ్వు అసలు చూడని దారిలో. ఇటు ఇంటి గాలీ అటు ఇంటి గాలీ కొలిచి మధ్య ఇంట్లో ఫ్యాను తిరుగుతోందో లేదో చెప్పినట్టుంది నీ వరస. పోనీ నిన్ను తీసుకెళ్ళి రేంజ్ పక్కన నిలబెట్టి అడ్డంగా చూడమంటే శుభ్రంగా చెప్తావు, తెలుసు. అక్కడిదాకా నడిచి వెళ్ళేవాణ్ణి చేతిలో జెండా కర్ర పట్టుకెళ్ళలేనా?

అడ్డగాలి ఉన్నా స్నైపర్ మొదటి తూటాకే గురి తగలాలని అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా వాళ్ళు "వన్ షాట్" అని పేరు పెట్టి మరీ పరిశోధనకి డబ్బు పోశారు. మొదటి తూటా అండీ. నాది పద్నాలుగోది.

చిల్లర గొడవలు ఎత్తను. వాన వెలిసి గాలి కడిగినట్టుంటే తగలడానికి దుమ్ము లేక తెర మీద అంకెల బదులు అడ్డగీతలు చూపిస్తావు, పోనీ. చలికి నాకంటే ముందు నీ బ్యాటరీ వణుకుతుంది, పోనీ. సరిగ్గా గాలి కుదురుకున్న నిమిషంలోనే ఫోన్‌తో జత కుదరలేదంటూ అలుగుతావు. అదీ పోనీ.

ఎండమావి సంగతి మాత్రం వదల్లేను.

మన భాషలో ఎండమావి అంటే మోసానికి మారుపేరు. దాని వెంట పడొద్దని చిన్నప్పటి నుంచీ ఎంతమంది చెప్పారో! నిన్న ఆ మైదానంలో నిజం చెప్పింది అదొక్కటే. స్పాటింగ్ స్కోపుని, అంటే బోర్డు చూసే దూరదర్శినిని, బోర్డు కంటే కాస్త ఇవతలకి ఫోకస్ చేసి పెట్టుకున్నాను. వేడికి ఆడే గాలి అలలు అందులో కనబడతాయి. మొదట మరిగే నీళ్ళలా నిలువుగా లేచింది. అలా లేస్తున్నప్పుడు ట్రిగ్గర్ జోలికి పోకూడదని రైఫిలు పట్టిన మొదటి నెలలోనే నేర్పిస్తారు. ఆ క్షణానికి అడ్డగాలి లేకపోవచ్చు, మరుక్షణం ఎటు మొగ్గుతుందో ఎవరికీ తెలియదు. తర్వాత, నేను చూస్తుండగానే, ఏటి అడుగున నాచు పారే నీటికి ఒకే పక్కకి వాలినట్టు, మొత్తం కుడికి ఒరిగింది. కన్ను చూసింది. చూసి కూడా నీ తెర వైపు తిరిగాను. పదమూడు తూటాలకి దారి చూపించిన ఎండమావిని కాదని, నీ ఒక్క దశాంశాన్ని నమ్మాను. నీ మీద కోపంలో సగం దానికే, నిజం చెప్పాలంటే.

పదిహేనోది నీకు మూత పెట్టేసి కాల్చాను. తొమ్మిది పాయింట్ల వలయంలో పడింది. పది కాలేదంటే అది నా చేతి వణుకు, నీకు అంటగట్టను.

అమ్మేస్తానని భయపడకు. లోయకి ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీదికి కాల్చేటప్పుడు, మబ్బు పట్టి ఎండమావి లేనప్పుడు, మధ్యలో జెండా కట్టడానికి దిక్కు లేనప్పుడు, అక్కడి గాలిని కాస్తయినా తడిమి చూసేది నువ్వొక్కడివే. ఆ రోజుకి నీ దశాంశాన్ని పక్కన పెట్టి, వీస్తోందా లేదా అని మాత్రం అడుగుతాను. అన్నట్టు నీ తిపాయి చాలా మంచిది, ఎంత గాలికీ చలించదు. నిన్న వచ్చేముందు దాని కాలికి ఎర్ర రిబ్బను ముక్క కట్టి చూశాను. పైన మూత తీస్తే నువ్వు 0.1 చూపిస్తూనే ఉన్నావు. కింద అది కుడికి టపటపా కొట్టుకుంటూనే ఉంది.

ఇట్లు,
కాల్చినవాడే.

తా.క. గుంతలోవాళ్ళు సాయంత్రం ఫోన్ చేశారు. బోర్డు కుడి అంచుకి జానెడున్నర అవతల, వెనక మట్టికట్ట మీద కొత్త గంటు కనబడిందట. ఎత్తు మాత్రం సరిగ్గానే ఉందన్నారు. దూరం మీరు చెప్పిందే.