భవిత కేంద్రం బీరువా గారికి

మహారాజశ్రీ ఇనుప బీరువా గారికి,

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు ఒక హైస్కూల్లో, వంటషెడ్డు పక్కన భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే గదిలో, మీరు కొలువై చాలా ఏళ్ళయింది. గోడకి ఇవతల ఏడో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి నేను. ఆ గదిలో పర్మినెంటు మీరొక్కరే కాబట్టి 'మీరు' అనే రాస్తున్నాను.

మీకు జరిగే మర్యాదలు నేను చూస్తూనే ఉన్నాను. వీపున తెల్ల పెయింటుతో నంబరు, ఏటా స్టాకు వెరిఫికేషను, తలుపు కిర్రుమంటే మర్నాటికల్లా నూనె. లోపల బ్రెయిలీ పలకలు, అబాకస్‌లు, రంగు దిమ్మలు కవర్లు చింపకుండా భద్రంగా ఉన్నాయి. చింపితే వాడాలి, వాడితే అరుగుతాయి, అరిగితే రికవరీ ఎవరి జీతంలో పడుతుందో అందరికీ తెలుసు.

మీ ముందు నిలబడ్డ స్పెషల్ టీచర్లే మారిపోతున్నారు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్ చేసి, ఆర్‌సీఐలో (కేంద్రం పెట్టిన పునరావాస మండలి) పేరు నమోదు చేయించుకుని, కాంట్రాక్టు జీతానికి ఒప్పుకుని వచ్చిన ఆడపిల్లకి మొదటి రోజు మేం పెట్టించే సంతకం మీ ఛార్జి లిస్టు (అప్పగించే సామాన్ల పట్టీ) మీదే. కుర్చీలు 4, చాపలు 2, అద్దం 1 (పగిలినది). పగిలిన అద్దానికి లిస్టులో చోటుంది. పిల్లలకి లేదు.

గంట కొట్టగానే చెవులు మూసుకుని బల్లకిందికి దూరే కుర్రాడున్నాడు. కొట్టబోయే ముందు వాడికి సైగ చేసి చెబితే చాలు, కుదురుగా కూర్చుంటాడు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు స్వాధీనంలో లేకపోవడం) ఉన్న పాపకి తల నిలబెట్టి, అన్నం మెత్తగా కలిపి పెట్టాలి, లేకపోతే పొలమారుతుంది. ఫిట్స్ వచ్చే పిల్లకి మాత్ర వేళ తప్పకూడదు. పాత మేడమ్ ఇవన్నీ తన తిప్పలేవో తనే పడి నేర్చుకుంది. ఒకరోజు విశాఖ బస్సెక్కింది, తెలిసిందంతా ఆమెతోనే పోయింది. మీ తాళంచెవి మాత్రం రెండు సంతకాల మధ్య క్షేమంగా చేతులు మారింది. ఆ కుర్రాడి తల్లి గుమ్మంలో నిలబడి, "మల్లీ కొత్త మేడమేటి? మా గుంటడు మల్లీ మొదట్నించీ బెదరాలేటి?" అనడిగితే హెడ్మాస్టారు మీ వైపు చూశారు. మీరేమీ మాట్లాడలేదు.

మీకు అరలు నాలుగు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 21. కొత్తావిడ చదివింది వినికిడి లోపం గురించి. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఒకడికి ఆటిజం, ఒకమ్మాయికి చూపు లేదు. మూడో వాడు అసలు నోరే విప్పడు. వాడి ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడతారు, ఒడిశాలోని పర్లాకిమిడి సంతకెళ్తే ఒడియా వింటాడు, బడికొస్తే తెలుగు. వాడికి మాటే రాదా, మన మాట రాదా? పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే తేల్చడానికి తంటాలు పడతారు. చేరి నెల కాని మనిషి ఎవర్నడగాలి? పక్క మండలంలో ఇలాంటి టీచరే ఉంది, కానీ ఇద్దరూ కలిసేది ఏవో ప్రొఫార్మాలు నింపే మీటింగులోనే.

మా స్టాఫ్ రూం సాయం మరో రకం. "మేడమ్, మీవాడు మా క్లాసులోకొచ్చాడు" అని కబురు పంపిస్తాం. వాడి పేరు మా హాజరు పట్టీలోనే ఉన్నా సరే. తర్వాత "మీరు ఖాళీయే కదా" అని ఫొటోల అప్‌లోడ్, కోడిగుడ్ల లెక్క, ఇన్విజిలేషన్ అప్పజెబుతాం. (ఎనిమిది మంది పిల్లల్ని పట్టుకున్న మనిషి ఖాళీగా కనపడటం మా కళ్ళకే చెల్లింది.) మంచాన ఉన్న పిల్లలకి ఇంటికెళ్ళి చెప్పే రోజున ఆవిడ మెళియాపుట్టి దాటి కొండ దారి ఎక్కుతుంది. ఆటో డబ్బులు ఆవిడవే. ఆ రోజు బళ్ళో కనపడలేదని గొణిగేది మేమే.

సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో లెక్క తేల్చింది, ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు. రాష్ట్రాలు పోస్టులు ప్రకటించాలని 2025 మార్చిలో మళ్ళీ గట్టిగా చెప్పింది. మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. సంతోషం, మీకు తోడు పర్మినెంటు మనుషులొస్తారు. కానీ పర్మినెంటు ఉద్యోగానికి బదిలీ కూడా ఉంటుంది. వచ్చినావిడ కొన్నాళ్ళకి బదిలీల కౌన్సెలింగులో శ్రీకాకుళం టౌనుకి ఆప్షన్ పెట్టుకుంటే, తెలిసిందంతా మళ్ళీ ఆమెతోనే పోతుంది.

అందుకని మీకే అర్జీ. మీ పై అరలో కవరు విప్పని కిట్లని కిందికి జరిపి, పిల్లలు ఒక్కొక్కరికీ ఓ నోటుబుక్కు పెట్టనివ్వండి: దేనికి భయపడతాడు, ఏం తింటాడు, ఏ మాటకి నవ్వుతాడు, మందు ఎప్పుడు, ఎంతవరకు వచ్చాడు. ఛార్జి లిస్టులో అద్దం కంటే ముందు దాన్ని ఎక్కించనివ్వండి. మొదటి నెలలు వారానికో రోజు పక్క మండలం టీచరొచ్చి కొత్తావిడతో కూర్చుంటే, ఆ రోజు గుడ్లు నేను లెక్కపెడతాను, లెక్కల మాస్టారినే కదా. రంగు దిమ్మలు అరిగితే అరిగాయని రాసుకుందాం, రికవరీ అనొద్దు.

ఇంతకీ అసలు కబురు. సోమవారం మరో కొత్తావిడ చేరుతోంది. మీ తాళంచెవి హెడ్మాస్టారి దగ్గరుంది, హెడ్మాస్టారు ట్రైనింగులో ఉన్నారు. దేని మీద ట్రైనింగని అడిగితే, ఇలాంటి పిల్లల్ని అందరితో కలిపి చదివించడం మీదట, పేరు 'సమ్మిళిత విద్య'.

ఇట్లు,
గోడవతల లెక్కల మాస్టారు