గడ్డి కోయడం నేర్పని పశువుల చదువు

నాలుగేళ్ల కిందట నేను పనిచేస్తున్న పశుసంవర్ధక కాలేజీ ఫారంలో గట్ల మీదున్న చెట్లన్నీ ఒక్క పూటలో కొట్టేశారు. అవిసె, సుబాబుల్, గ్లైరిసీడియా కలిపి 140 చెట్లు. తనిఖీకి పెద్దవాళ్లు వస్తున్నారు, రోడ్డు మీంచి బిల్డింగ్ కనబడటం లేదు, అంతా చిట్టడవిలా ఉంది, నీట్‌గా చేయించండి అన్నారట. నేను రెండు రోజులు సెలవులో ఉన్నాను. తిరిగొచ్చేసరికి మొదళ్లు మిగిలాయి. వాటి పక్కన సున్నం కొట్టిన రాళ్లు వరసగా పేర్చి, ‘పశుగ్రాస ప్రదర్శన క్షేత్రం’ అని కొత్త బోర్డు పాతారు. బోర్డు వెనకాల పది రకాల గడ్డి, ఒక్కోటి మంచమంత మడిలో. ఆ పది మళ్లూ కోసినా ఒక్క గేదెకు వారం మేత రాదు.

ఆ తర్వాతి మే నెలలో బోరు అడుగంటింది. మేతకు వేసిన నేపియర్ గడ్డి పసుపెక్కి ఆగిపోయింది. మామూలుగా అయితే ఆ నెలంతా గట్ల మీది ఆకే మమ్మల్ని గట్టెక్కించేది. ఆ ఏడు మాత్రం లారీలో వరిగడ్డి దింపించాం. ఆ లారీ ఆగింది సరిగ్గా ఆ బోర్డు ముందే. గడ్డి మోపులు దింపుతున్న హమాలీలను చూస్తూ మా కాలేజీ పిల్లలు వరండాలో నిలబడ్డారు. వాళ్లకు ఆ రోజు మేం నేర్పిన పాఠం ఏమిటంటే, మేత అంటే కొనుక్కునేది అని. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. అలాంటి ఫారాలు తర్వాత కూడా చూశాను కాబట్టి ఒక్క పేరు రాసి లాభం లేదు.

నేను పదకొండేళ్లుగా రాయలసీమలో పశుసంవర్ధక డిప్లొమా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. చదువు చెప్పే ఫారం తన పశువులకు మేత తానే పండించుకోవాలి. ఆ మేతను విత్తేది, కోసేది, మోసేది పిల్లలే కావాలి. తనిఖీ ముందు వారం రోజులు కాదు, ఏడాది పొడుగునా. ఈ మాట మీటింగుల్లో చాలాసార్లు అన్నాను. ఇప్పుడు ఇక్కడ అంటున్నాను.

ఇది కుదరని పని కాదు. ఇప్పుడున్న ఫారంలో 24 ముర్రా గేదెలున్నాయి. గేదెకు రోజుకు 25 కిలోల పచ్చిమేత అనుకుందాం. అందులో 18 కిలోలు నేపియర్, మిగతా ఏడు కిలోలు పప్పుజాతి మేత, చెట్ల ఆకు. అంటే రోజుకు 432 కిలోల నేపియర్ కావాలి. ఎకరానికి ఏడాదికి 150 టన్నుల పైనే వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. మా ఎర్రనేలలో, మా నీటికి 80 టన్నులు దాటలేదు. ఆ లెక్కనే రెండెకరాలు సరిపోయింది. ఆ రెండెకరాలను 45 చాళ్లుగా, ఒక్కోటి సుమారు నాలుగున్నర సెంట్లు వచ్చేలా విడగొట్టాం. రోజుకో చాలు కోత. నలభై ఆరో రోజుకు మొదటి చాలు మళ్లీ కోతకొస్తుంది. అరవై రోజులు దాటనిచ్చామా, కాడ చెరకులా గట్టిపడిపోతుంది, గేదె ఆకు గీరుకుని కాడ వదిలేస్తుంది. ఇదంతా తరగతి గదిలో గంటసేపు చెప్పినా ఎక్కదు. మేత వేసే గాటిలో మిగిలిన కాడల్ని తానే ఊడ్చి పోసిన పిల్లవాడికి మాత్రం జన్మలో మరిచిపోకుండా ఎక్కుతుంది.

ఇక చెట్లు. నా ప్రాణం అంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

గడ్డి వేళ్లు పైపైనే నీళ్లు వెతుక్కుంటాయి, చెట్టు వేరు లోతుకు పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పచ్చగా కనబడేది చెట్టే. సుబాబుల్ ఆకులో, అవిసె ఆకులో ఎండు లెక్కన మాంసకృత్తులు ఇరవై శాతం పైనే ఉంటాయి. ఎండాకాలంలో వరిగడ్డి మీద బతికే గేదెకు ఇంతకన్నా చవకైన బలం లేదు. అందుకే మన పెద్దవాళ్లు బావి గట్టున అవిసె వేసేవాళ్లు. మేకల వాళ్లు ఇప్పటికీ తుమ్మకాయల కాలం, జమ్మి చిగుర్ల కాలం నెలల లెక్కన చెబుతారు. పొలంలో పంటతో పాటు చెట్లు పెంచడాన్ని ఆగ్రోఫారెస్ట్రీ అంటారు, ఆ మాట వాళ్లకు తెలియదు. ఆ పని వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు.

అయితే చెట్టు నాటగానే మేత రాదు. కోత తెలియాలి, ఒక్కో చెట్టుకు ఒక్కో తీరు. సుబాబుల్‌ను నడుమెత్తున నరికితే గుబురుగా చిగురిస్తుంది, మళ్లీ మళ్లీ కోయొచ్చు. అవిసెను అలా నరికితే చచ్చిపోతుంది. దానికి మొదలు ముట్టుకోకుండా పక్క కొమ్మలే విరవాలి. మా పిల్లలు మొదటి ఏడు పద్దెనిమిది అవిసెలను సుబాబుల్‌లా నరికి చంపారు. నేను తిట్టలేదు. ఆ పద్దెనిమిది మోళ్లనూ అలాగే ఉంచాను, తర్వాతి బ్యాచ్‌కు చూపించడానికి. గ్లైరిసీడియా ఆకు వాసనకు గేదెలు మొదట మూతి తిప్పుకుంటాయి. ఒక పూట వాడబెట్టి, నేపియర్‌లో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేస్తే వారంలో తింటాయి. సుబాబుల్ మేతలో మూడో వంతు దాటకూడదు. అందులోని మిమోసిన్ అనే విషపదార్థం ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి, చూడి పశువుకు అసలే మంచిది కాదు. పైగా కాయ ముదరనిస్తే గింజ రాలి పొలమంతా మొలుస్తుంది, తర్వాత పీకలేక చావాలి. కాబట్టి పూతలోనే కోయాలి. ఇవన్నీ బోర్డు మీద రాయగలిగిన విషయాలు కావు. చెట్టు కింద కత్తి పట్టుకుని నిలబడితేనే తెలిసేవి.

రెండేళ్ల కిందట జరిగింది చెప్తాను. జొన్నలో ఉండే విషం గురించి పరీక్షలో ఒక అమ్మాయి రెండు పేజీలు రాసింది. హైడ్రోసయానిక్ ఆమ్లం, అది ఒంట్లో చేసే పని, విరుగుడు మందుల పేర్లు, అన్నీ కరెక్టు. పూర్తి మార్కులేశాను. ఆ నెలలోనే ఫీల్డుకు తీసుకెళ్లాను. వానల్లేక మోకాలెత్తున ఆగిపోయి, ఆకులు ముడుచుకున్న జొన్న చేను. ‘ఇది ఈరోజు కోసి వెయ్యొచ్చామ్మా?’ అని అడిగాను. ‘లేతగా ఉంది సార్, పశువులు బాగా తింటాయి’ అంది. మాతో వచ్చిన గడ్డి కోసే అక్క వెంటనే అడ్డం పడింది. ‘వద్దమ్మా, నాము వేసుంటుంది. వాన పడి, తేరుకుని, పూతకొచ్చాకే ముట్టుకోవాల.’ నాము అంటే ఆ విషమే. ఆ అక్క బడి ముఖం చూడలేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మేం ఆ విషానికి పేరు నేర్పాం గానీ, అది ఏ చేలో, ఏ ఎత్తున, ఏ రంగులో నిలబడి ఉంటుందో చూపించలేదు. రేపు ఆ అమ్మాయి మాట నమ్మి ఒక రైతు ఆ జొన్న వేసి ఉంటే, గంటల్లో అతని కొట్టం ఖాళీ అయ్యేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లల చేత మేత పని చేయించడం మొదలుపెట్టినప్పుడు కొందరు తల్లిదండ్రులు గొడవకొచ్చారు. ‘మా వాడు సూది వేయడం నేర్చుకోవడానికి వచ్చాడు సార్, గడ్డి కోయడానికైతే మా ఊళ్లోనే ఉండేవాడు కదా’ అన్నాడొకాయన. ఆయన బాధ నాకు అర్థమైంది. ఎండలో మోపు మోసిన మనిషి తన కొడుకు మోయకూడదనుకుంటాడు. ఆయనకు నేను చెప్పింది ఇదే: పాడి ఖర్చులో అరవై డెబ్బై శాతం మేతకూ దాణాకే పోతుంది. రేపు మీవాడు రైతు సేవా కేంద్రంలో కూర్చుంటే, ఎక్కువమంది వచ్చి అడిగేది ‘గేదె పాలు తగ్గాయి’, ‘ఎదకు రావడం లేదు’ అనే. అందులో సగం రోగాలు గాటి దగ్గరే మొదలవుతాయి. వాటికి సూది లేదు. గాటిలోకి చూసి కారణం చెప్పగలిగితేనే మీవాణ్ని రైతు రెండోసారి పిలుస్తాడు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తమ చేని గట్టుకు వేయడానికి నాలుగు గ్లైరిసీడియా కొమ్మలు అడిగి పట్టుకెళ్లాడు.

ఝాన్సీలో పశుగ్రాసం పరిశోధనకే 1962 నుంచి ఒక జాతీయ సంస్థ ఉంది. ఆగ్రోఫారెస్ట్రీకి 2014లో జాతీయ విధానం వచ్చింది. రకాలున్నాయి, పద్ధతులున్నాయి. అయినా దేశంలో సాగు భూమిలో పశుగ్రాసానికి దక్కేది నాలుగు శాతం చిల్లరే. రైతు మేతకు నేల వదలడంటే కారణం, దాని లాభం కళ్లారా చూపించే మనిషి అతని దగ్గరకు వెళ్లకపోవడమే. ఆ మనిషిని తయారుచేయాల్సింది మేమే. మేం చేయడం లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రాక్టికల్ మార్కుల్లో మేతకు వాటా ఇవ్వండి. రకాల పేర్లు చెప్పించుకుని కాదు. పిల్లవాడికి ఒక చాలు అప్పజెప్పి, ఏడాదిలో ఎన్ని కిలోలు కోశాడో, గేదె ఎంత వదిలేసిందో తూకం వేసి మార్కులివ్వండి. పచ్చిమేతను మాగబెట్టే పాతర గడ్డి (సైలేజీ) గుంత పిల్లల చేతే నింపించండి. ముక్కలు చేసిన మొక్కజొన్న గుప్పెట్లో పట్టి పిండితే నీళ్లు కారకూడదు, గుప్పెడు తెరిచాక ఉండ మెల్లగా విచ్చుకోవాలి. అది చేతికే తెలియాలి. నలభై అయిదు రోజుల తర్వాత గుంత తెరిచి, ఆ పుల్లటి వాసన వాళ్లనే పీల్చనివ్వండి. కూలీలను తీసేయమనడం లేదు. ఆ గడ్డి కోసే అక్కకు గౌరవ వేతనమిచ్చి నెలకో క్లాసు చెప్పించండి.

గట్ల మీది చెట్టు కొట్టే ముందు మాత్రం దయచేసి ఆ ఫారంలో పశువుల బాధ్యత చూసే మనిషిని ఒక్క మాట అడగండి.

ఈ ఏడు ఇప్పుడున్న ఫారం గట్లకు మళ్లీ చెట్లు పెట్టాం, 210 మొక్కలు. నా దగ్గర దశరథ గడ్డి అనే పప్పుజాతి మేత విత్తనం రెండు కిలోలు, అవిసె గింజ కిలోన్నర మిగిలాయి. ఏ కాలేజీ ఫారమైనా, ఏ రైతైనా అడగండి, ఊరికే ఇస్తాను. దశరథ గడ్డి గింజ పైపొర గట్టిది, అలాగే చల్లితే సగం కూడా మొలవదు. నీళ్లు బాగా కాచి, మరుగు తగ్గాక, ఎనభై డిగ్రీల వేడిలో అయిదు నిమిషాలు ఉంచి, వడకట్టి, చన్నీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టి విత్తుకోండి. మూడు నెలలకు మొదటి కోత, తర్వాత నలభై రోజులకో కోత.