బంకరుకు పార్కు యోగం

విశాఖ బీచ్‌కి వెళ్ళిన వాళ్ళలో సగం మంది దాన్ని చూసే ఉంటారు, మిగతా సగం మంది దాని మీద కూర్చుని బజ్జీలు తిని ఉంటారు. ఇసుకలో సగం కూరుకుపోయి, ఒక పక్కకి ఒరిగిపోయి, నడుం దగ్గర సన్నటి సందు ఉన్న కాంక్రీటు దిమ్మ. రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్ళు కట్టిన బంకరు అది. లోపల సిపాయి దాక్కుని, ఆ సందులోంచి తుపాకీ బయటపెట్టి, సముద్రం మీంచి వచ్చే జపాన్ వాణ్ణి కాల్చాలి. అదీ ఏర్పాటు.

జపాన్ వాడు వచ్చాడు కూడా. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందు రోజు ఈస్టర్ ఆదివారం పూట కొలంబో మీద బాంబులు పడ్డాయి, మర్నాటికి మన వంతు వచ్చింది, అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు. కాకపోతే వాళ్ళు ఒడ్డుకి పడవల్లో వస్తారని మనం అనుకుంటే, ఆకాశంలోంచి వచ్చారు. ఆ సందులోంచి ఎంత మెడ వంచి చూసినా సముద్రం తప్ప ఆకాశం కనపడదు, కావాలంటే వెళ్ళి వంగి చూడండి, నేను చూశాను, మెడ పట్టేసింది. వీధి తలుపుకి తాళం వేసి పెరటి గుమ్మం తెరిచి పెట్టుకున్న ఇంటికి ఇంతకన్నా మంచి స్మారకం దొరకదు.

అందుకే ఈ బంకర్లని కాపాడి చారిత్రక పార్కు చేయాలని చాన్నాళ్ళుగా అడుగుతున్న వాళ్ళని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. సమర్థించడమే కాదు, పని ముందుకి ఎందుకు కదలట్లేదో కూడా కనిపెట్టాను. తప్పు బంకరుదే.

ఇదే బీచ్ రోడ్డులో కురుసుర ఉంది. సముద్రం అడుగున తిరగాల్సిన జలాంతర్గామి, దాన్ని ఒడ్డుకి లాగి ఇసుక మీద కూర్చోబెట్టి 2002లో మ్యూజియం చేశాం. దానికి ఎదురుగా టీయూ-142, ఆకాశంలో తిరగాల్సిన విమానం, అరక్కోణం నుంచి రప్పించి, ముక్కలు విప్పి, మళ్ళీ బిగించి 2017లో మ్యూజియం చేశాం. రెండూ బాగుంటాయి, పిల్లల్ని తీసుకెళ్ళండి, నాకే అభ్యంతరమూ లేదు. కానీ ఈ బంకరు చూడండి. ఎక్కడ కట్టారో అక్కడే ఉంది. లాగక్కర్లేదు, విప్పక్కర్లేదు, బిగించక్కర్లేదు. లారీ లేదు, క్రేన్ లేదు, అంచనా లేదు, సవరించిన అంచనా లేదు. ఇలాంటి దాన్ని చరిత్ర అని ఎవరు ఒప్పుకుంటారు?

1942లో ఆ విమానాల్లోంచి పడిన బాంబు ఒకటి, అంటే దాని తొడుగు, బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియంలో భద్రంగా ఉంది. వేసినవాడి సామాను లోపల నీడపట్టున, ఆపడానికి కట్టింది బయట ఎండలో. అతిథి మర్యాదల్లో మనల్ని మించినవాళ్ళు లేరు.

అండమాన్ వెళ్ళిన మా పక్కింటాయన, జపాన్ వాళ్ళు అక్కడ కట్టిన బంకర్ల ఫోటోలు నలభై దాకా చూపించాడు. ఎల్టీసీ పెట్టుకుని, ఇక్కడి హార్బరులోనే ఓడెక్కి, అంత సముద్రం దాటి వెళ్ళి చూసొచ్చాడు. 'మన బీచ్‌లోనూ ఉందండీ' అంటే, 'అదా, అది పాత వాటర్ ట్యాంకు కదా' అన్నాడు. నిజమే, దాని దగ్గర చిన్న బోర్డన్నా లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు. ఇంఫాల్ వాళ్ళు తమ గుమ్మంలో జరిగిన యుద్ధానికి 2019లో శాంతి మ్యూజియం కట్టుకున్నారు. మనకి అంత యుద్ధం జరగలేదు లెండి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని లోపలి పల్లెలకి పరిగెత్తింది, ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు వెళ్ళిపోయి యుద్ధం అయ్యాక గానీ తిరిగి రాలేదు, అంతే. విశ్వవిద్యాలయమే పెట్టే బేడా సర్దుకుని పారిపోయిన సంగతి ఆ బోర్డు మీద రాస్తే పిల్లలు ఎంత సంతోషిస్తారో ఆలోచించండి.

ఇక నా ప్లాను. ముందుగా బంకరు కన్నా నాలుగింతలు ఎత్తున స్వాగత తోరణం. అది కట్టాక బంకరు కనపడదు కాబట్టి దారి చూపించే బాణం గుర్తులు. చుట్టూ ఇసుక తీసేసి టైల్స్, టైల్స్ మధ్యలో పచ్చిక, పచ్చిక మీద నడవరాదు అనే బోర్డు. ఫైబర్ సిపాయిలు ఆరుగురు, ఒకడి చేతిలో తుపాకీ, మిగతావాళ్ళ చేతుల్లో చెత్తబుట్టలు. బంకరుకి రంగు వెయ్యాలి, ఏ రంగన్నది అప్పటి ప్రభుత్వాన్ని బట్టి. 'ఐ లవ్ బంకర్' అక్షరాలు, లైట్లతో. శిలాఫలకం మీద విచ్చేసిన పెద్దల పేర్లన్నీ పట్టాక చోటు మిగిలితే 1942 అని వేయించొచ్చు.

చిక్కల్లా సముద్రంతోనే. ఈ బీచ్ కోత సంగతి తెలిసిందే కదా. కెరటాలు ఇసుక పట్టుకుపోతే బంకరు బయటపడుతుంది, హార్బరు దగ్గర తవ్విన ఇసుక తెచ్చి పోస్తే మళ్ళీ మూసుకుపోతుంది. అంటే సందర్శన వేళలు ఇప్పటికే సముద్రం చేతిలో ఉన్నాయి. టిక్కెట్టు కొన్నాక బంకరు ఇసుకలో ఉంటే డబ్బులు వాపసు ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ తేల్చాలి. కమిటీ తేల్చేలోపు సముద్రమే బంకరుని తీసుకెళ్ళిపోతే మరీ మంచిది, అప్పుడు దాని నమూనా ఫైబర్‌లో చేయించొచ్చు. దానికి అంచనా ఉంటుంది.

మొన్న పొద్దున్నే వెళ్ళి చూశాను. పైన ఎవరో వల ఆరేశారు. కాంక్రీటు పెచ్చులూడి, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటికొచ్చి ఉన్నాయి. గోడ మీద బాణం గుచ్చిన గుండె, దానికి అటో పేరు ఇటో పేరు, కింద ఇంకెవరో ఆ అమ్మాయి పేరు కొట్టేసి వేరే పేరు రాశారు. సందు దగ్గర ఇద్దరు పిల్లలు, ఒకడు లోపలికి దూరి 'డిష్యుం' అంటున్నాడు, రెండోవాడు బయట ఇసుకలో పడి చచ్చిపోతున్నాడు, మళ్ళీ లేస్తున్నాడు. ఆ తుపాకీ సందుకి ఆ పని ఇన్నేళ్ళకి దొరికింది.

పక్కనే ముంత మసాలా బండాయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఇక్కడ పార్కు కట్టాలని రాయబోతున్నానని చెప్పి, ఆయన అభిప్రాయం అడిగాను. కత్తి ఆపి, బంకరు వైపు ఓసారి, రోడ్డు వైపు ఓసారి చూశాడు.

'గేటు ఎటొస్తుందో ముందే చెప్పండి బాబూ, బండి అటు పెట్టుకుంటాను.'